స్టీమ్‌పంక్ బొమ్మల పుస్తకాలు, వింత పెంపుడు జంతువులు: కథ మన డెల్టాలో పెడితే ఏ జంతువు, ఏ యంత్రం?

బొమ్మలక్క (కొత్తపేట)

పిల్లల బొమ్మల పుస్తకాల్లో స్టీమ్‌పంక్ తరహా అంటే నాకు ప్రాణం. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. విక్టోరియా రాణి కాలం నాటి ఆవిరి యంత్రాలు, ఇత్తడి గొట్టాలు, పళ్లచక్రాలు, గాలి ఓడలు, ఇవన్నీ కరెంటు వచ్చాక మూలపడకుండా ఇంకా ఇంకా పెరిగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించి గీసే పద్ధతి ఇది. ఆ పేరు 1987లో కె.డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత పెట్టాడు. ఈ తరహాలో చిన్నపిల్లలకు వచ్చే పుస్తకాల్లో ఒక పిల్లో పిల్లాడో ఏదో వింత జంతువుని పెంచుకుంటూ ఉంటారు. రాగి తొట్టెలో ఆక్టోపస్ ఉంటుంది, లేదంటే బొగ్గు తినే బుల్లి డ్రాగన్. బొమ్మలు ఎంత బాగుంటాయంటే ఒక్కో పేజీ దగ్గర అలా ఉండిపోతాం.

కానీ నాకు ఒక పెద్ద అసంతృప్తి ఉంది. ఆ జంతువు ఇంటికొస్తుంది, అల్లరి చేస్తుంది, అందరూ తిడతారు, చివర్లో ఎవర్నో ప్రమాదం నుంచి కాపాడుతుంది, అందరూ ముద్దు చేస్తారు, అయిపోయింది. అది ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దాని తొట్టె ఎవరు కడుగుతారు, ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు, ఇవేవీ ఉండవు. మా అమ్మాయికి ఆరేళ్లు, అది అడిగే ప్రశ్నలన్నీ ఇవే. జంతువుని పెంచడం అంటే అసలు పని అదే కదా, దాన్నే వదిలేసి కథ నడిపితే ఎలా?

అందుకని నేనే ఒకటి గీద్దామని కూర్చున్నాను. తెలుగులో, మన గోదావరి కాలువల మధ్య. జంతువు ఏదైతే బాగుంటుంది, యంత్రం ఏదైతే బాగుంటుంది, మీకు తోచింది చెప్పండి.

లాకుల దగ్గర (ధవళేశ్వరం)

అక్కా, లండన్ పొగమంచు అరువు తెచ్చుకోవాల్సిన పని మనకి అస్సలు లేదు. స్టీమ్‌పంక్ వాళ్లు కలలు కనే కాలమూ మన ఆనకట్ట కట్టిన కాలమూ ఒకటే. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. నదిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాతది, దాని మీద 175 గేట్లు. కాటన్ మ్యూజియం ఆవరణలో పాత యంత్రాలు పెట్టారు, ఒకసారి స్కెచ్ పుస్తకం పట్టుకుని రండి, తుప్పు పట్టిన చక్రాల పక్కన కూర్చుని గీసుకోవచ్చు.

ఇంకా కావాలంటే రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ రైలు వంతెన ఉంది, 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి, 56 స్పాన్లు. పి.గన్నవరం దగ్గర కాలువే వంతెనెక్కి వైనతేయ పాయని దాటుతుంది. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. ఇది ఊహించి గీసింది కాదు, ఉన్నదే.

నా ఓటు మాత్రం లాకులకి, అంటే కాలువ మట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దించే తలుపుల గదులకి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపులో చిన్న తూము ఎత్తుతారు, నీళ్లు నెమ్మదిగా నిండుతాయి, పడవ దానంతటదే పైకి లేస్తుంది. ఎవరూ ఎత్తరు, నీళ్లే ఎత్తుతాయి. దీన్ని పుస్తకంలో నిలువు పేజీగా తిప్పి గీస్తే పిల్లలు పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుని చూస్తారు.

వరిచేల గట్టు (పాలకొల్లు)

లాకులు, ఆనకట్ట బాగానే ఉన్నాయి కానీ పుస్తకం సాంఘిక శాస్త్రం పాఠం అయిపోకూడదండీ. మా వాడికి కావాల్సింది రెక్కలున్న దున్నపోతు పాపికొండల మీద ఎగరడం. దానికి మేత ఎంత, పేడ ఎంత అని లెక్కలు చెప్తే ఎగరడం ఎక్కడుంటుంది?

బొమ్మలక్క (కొత్తపేట)

ఎగరనివ్వండి, నాకూ ఇష్టమే. కాకపోతే ఎగిరొచ్చాక దానికి దాహం వేయాలి, రెక్కల కీళ్లలో నూనె అయిపోవాలి, ఆ నూనె పోసేది ఆ పిల్లాడే అవ్వాలి. అప్పుడు ఆ దున్నపోతు వాడిది అనిపిస్తుంది. లేకపోతే ఆకాశంలో ఎగురుతున్న ఒక బొమ్మ, అంతే.

మడ అడవి (కాకినాడ)

నేను కోరింగ వైపు తిరుగుతుంటాను కాబట్టి అక్కడి నుంచి ఒకటి. మడ అడవుల బురదలో గెంతుతూ తిరిగే చిన్న చేపలుంటాయి చూడండి, కళ్లు నెత్తి మీద, ముందు రెక్కలతో పాకుతాయి. అవి చేపలే కానీ పోటు తీసినప్పుడు బురద మీదే గడుపుతాయి. చర్మం తడిగా ఉన్నంత సేపు ఆ చర్మం ద్వారానే గాలి పీల్చుకుంటాయి, నోట్లో, మొప్పల గదుల్లో కాసిన్ని నీళ్లు దాచుకుంటాయి. దాన్ని పెంచాలంటే యంత్రం రోజంతా సన్నటి తుంపర కొడుతూ ఉండాలి, రోజుకి రెండుసార్లు ఆటుపోట్లు తెప్పించాలి. ఇత్తడి డబ్బాలో బుల్లి సముద్రం నడపాలన్నమాట. అక్క అడిగిన పెంపకం పని ఇందులో బోలెడంత ఉంది.

ఒక విన్నపం కూడా. నీటికుక్కలు, బావురుపిల్లులు, నక్షత్ర తాబేళ్లు, రామచిలకలు, వీటిని దయచేసి పెంపుడు జంతువులుగా గీయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని ఇంట్లో పెంచుకోవడం నేరం. నీటికుక్క పిల్లల వీడియోలు చూసి పెంచుకుందామనే వాళ్లు పెరిగి వాటి వ్యాపారం ఎంత దూరం పోయిందంటే, మన దగ్గర ఉండే నున్నటి బొచ్చు నీటికుక్కని 2019లో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించే జాబితాలోకి ఎక్కించాల్సి వచ్చింది. కోరింగ అభయారణ్యంలో అదీ ఉంది, బావురుపిల్లీ ఉంది. పిల్లలు బొమ్మ చూసి మనసు పారేసుకుంటారు, అది మంచిదే, కానీ ఆ మనసు జంతువుని ఉన్నచోటే చూసుకోవడం మీదికి పోవాలి.

ఇత్తడి గంట (అజ్జరం దగ్గర)

మడ అడవి గారు చెప్పింది నూటికి నూరు శాతం. అందుకే నేను బతికున్న జంతువు వద్దు, యంత్రపు జంతువే పెట్టండి అంటాను. దానికి పెద్ద చరిత్ర కూడా ఉంది. 1739లో వొకాన్సన్ అనే ఫ్రెంచి ఆయన బంగారు పూత పూసిన ఒక రాగి బాతు చేశాడు, అది గింజలు తినేది, రెట్ట కూడా వేసేది. గింజలు లోపల అరిగేవి కావు, ఒక అరలో ఉండిపోయేవి, రెట్ట ముందే ఇంకో అరలో నింపి ఉంచేవాడు. అదీ ఆ రహస్యం. మన దక్షిణాదిలో టిప్పు సుల్తాన్ పులి ఉంది, చెక్కతో చేసి లోపల తిత్తులు, గొట్టాలు పెట్టారు, పిడి తిప్పితే పులి గాండ్రిస్తుంది, దాని కింద పడ్డ మనిషి మూలుగుతాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు పట్టుకుపోయారు, ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మన డెల్టాలో కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు కదా. ఆ మందలో ఒక్క బాతు ఇత్తడిది అయితే? మిగతావి గుడ్లు పెడతాయి, ఇది పెట్టదు, మరి యజమాని దాన్ని ఉంచుతాడా అమ్మేస్తాడా? కథ అక్కడే పుడుతుంది.

రెండో తరగతి టీచర్ (అమలాపురం)

ఇత్తడి బాతు నాకు చాలా నచ్చింది. కానీ చిన్న అభ్యంతరం ఉంది. మా క్లాసులో పిల్లలకి కథ చదివి వినిపించేటప్పుడు గమనిస్తుంటాను, చనిపోయే అవకాశం లేని జంతువు గురించి వాళ్లకి టెన్షన్ ఉండదు. మరమ్మతు చేస్తే బాగైపోతుందని ముందే తెలుసు. దానికి గాలి ఆడుతుందా, ఆకలేస్తోందా అని వాళ్లు భయపడాలి, అప్పుడే పేజీ తిప్పుతారు. యంత్రం ఇత్తడిది, లోపల ఉన్నది ప్రాణం ఉన్నది అయితే రెండూ కుదురుతాయి.

బాయిలర్ మావయ్య (మండపేట)

అమ్మా బొమ్మలక్కా, నేను చాలా ఏళ్లు ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ చూసుకున్నవాణ్ణి. మనవరాలి కోసం ఈ పుస్తకాలు కొన్ని చూశాను. బొమ్మలు గీసిన వాళ్ల చెయ్యి గొప్పది, కాదనను, కానీ యంత్రం పనిచేయదు. మూడు పళ్లచక్రాలు ఒకదానికొకటి తగిలేలా త్రికోణంగా గీస్తారు. అవి ఒక్క అంగుళం కూడా తిరగవు, ఎందుకంటే పక్కపక్కన ఉన్న రెండు చక్రాలు ఎప్పుడూ ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి, మూడోది ఎటూ తిరగలేక మూడూ బిగుసుకుంటాయి. అట్టతో చక్రాలు చేసి పిల్లల చేతికివ్వండి, రెండు నిమిషాల్లో వాళ్లే కనిపెడతారు.

బాయిలర్ పాడిగేదె లాంటిది, వేళకి మేత, వేళకి నీళ్లు, కళ్లల్లో వత్తులు వేసుకుని చూసుకోవడం. మేత అంటే ఊక, లేకపోతే కొబ్బరి డొక్కలు. నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పడానికి పక్కన నిలువు గాజు గొట్టం ఉంటుంది, అందులో నీటిమట్టం కనపడకుండా దిగిపోతే ప్రమాదం, అప్పుడు తొందరపడి చన్నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం, ముందు మంట లాగేయాలి. పైన సేఫ్టీ వాల్వు. ఆవిరి ఎక్కువైతే అదే తెరుచుకుని బుస్సుమని వదిలేస్తుంది. పక్కన ప్రెషర్ గేజి, గుండ్రటి ముఖం, ఒక ముల్లు. ఆ గేజికి యూజీన్ బూర్డన్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1849లో పేటెంటు తీసుకున్నాడు, అంటే మన ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే. నీ కథ ఆ కాలంలో పెట్టినా గేజి గీసుకోవచ్చు, తప్పు లేదు. మన దేశంలో బాయిలర్లకి 1923లోనే చట్టం చేశారు, అంత ప్రమాదం అది. చిన్నపిల్ల ఒక్కర్తే బాయిలర్ నడుపుతున్నట్టు గీయొద్దు, పక్కన ఒక పెద్దవాణ్ణి పెట్టు.

వరిచేల గట్టు (పాలకొల్లు)

మావయ్యగారూ, ఆ పెద్దవాడు మీరే అవ్వాలి. గళ్ల తువ్వాలు, భుజాన నూనె డబ్బా.

పంటు రేవు (నరసాపురం)

ఆయ్, ఇంతసేపూ చదువుతున్నాను, ఎవరూ పులస మాట ఎత్తలేదేంటండీ?

మాది వేటకెళ్లే కుటుంబం. సముద్రంలో ఉన్నంత కాలం దాన్ని ఇలస అంటాం. వరదలొచ్చి గోదారి ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు అది గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కుతుంది, ఆ ఎదురీతకే పులస అవుతుంది. ఊరంతా దాని కోసం చూస్తుంటుంది, పుస్తెలమ్మయినా పులస తినాలంటారు. అలాంటి చేపని ఒక పిల్ల పెంచుకుంటాను అంటే? నాన్న పట్టుకొచ్చాడు, వలలో ఇంకా కొట్టుకుంటోంది, బయట కొనేవాళ్లు డబ్బులు పట్టుకుని నిలబడ్డారు, ఈ పిల్ల బుంగలో నీళ్లు పట్టుకొచ్చి అందులో వేసేసింది. ఇంతకన్నా వింత పెంపుడు జంతువు గోదారి జిల్లాల్లో ఇంకోటి ఉండదు.

ఇంకో సంగతి, పులస వల తగిలిన కాసేపటికే చచ్చిపోతుంది. తొట్టెలో బతికించినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. అందుకే దీనికి మామూలు తొట్టె చాలదు, మీ ఆవిరి యంత్రం కావాలి.

బొమ్మలక్క (కొత్తపేట)

అక్కా!! ఇదే. ఇదే కథ. నాకు చేతులు ఆగట్లేదు, ఇప్పుడే గీయడం మొదలుపెడుతున్నాను.

మడ అడవి (కాకినాడ)

పంటు రేవు గారికి దండం. నా అభ్యంతరాలు కూడా ఇక్కడ తీరిపోయాయి, ఎందుకంటే ఈ చేపని ఇంట్లో ఉంచుకోవడం కథకి గమ్యం కాదు, దాన్ని పైకి చేర్చడం గమ్యం. ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. కట్టకముందు గోదావరిలో ఇంకా చాలా పైకి ఎక్కేది, ఇప్పుడు ఎదురెక్కి వచ్చినవి బ్యారేజీ దిగువనే ఆగిపోతాయి. నది ఎగువకి వెళ్లే చేపల కోసం కొన్ని దేశాల్లో ఆనకట్టల పక్కన మెట్లలాంటి నీటి దారులు కడతారు, కొన్నిచోట్ల లిఫ్టు కూడా పెట్టి నీళ్లతో సహా చేపల్ని పైకెత్తుతారు. మన కథలో ఆ లిఫ్టు ఆవిరిది.

పెంపకం విషయాలు చెప్తాను, గీసేటప్పుడు పనికొస్తాయి. ఇది నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు, పురుగుల్ని మొప్పలతో వడకట్టుకుని తింటుంది, మరమరాలు వేస్తే తినదు. కాబట్టి ఆ పిల్ల రోజూ చెరువులోంచి పచ్చటి నీళ్లు తేవాలి. ఇది గుంపులో తిరిగే చేప, ఒంటరిగా ఉంటే బెదిరిపోతుంది. నీళ్లు కదలకుండా ఉంటే బతకదు, ఎదురు ప్రవాహం ఉండాలి. ఉప్పునీటి నుంచి మంచినీటికి ఒక్కసారిగా మార్చకూడదు, కొంచెం కొంచెంగా మార్చాలి. పొలుసులు చాలా తేలిగ్గా ఊడిపోతాయి, చేత్తో పట్టుకోకూడదు. నీళ్లు వేడెక్కకూడదు, వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఇముడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇత్తడి పాత్రలో నేరుగా చేపని ఉంచకూడదు. రాగి కొంచెం కొంచెంగా నీళ్లలో కలిసి మొప్పల్ని పాడుచేస్తుంది.

ఇత్తడి గంట (అజ్జరం దగ్గర)

దానికి మందు మా ఊళ్లోనే ఉందండీ. కళాయి! ఇత్తడి గిన్నెల్లో పులుపు వండితే పాడవుతుందని లోపల తగరం పూత వేయిస్తాం కదా, అదే. పాత్ర వేడి చేసి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా తెల్లగా మెరుస్తుంది. చేపకి రాగి తగలదు. ఇంకో లాభం కూడా ఉంది, ఆ తెలుపులో చేప నీడ దానికే కనిపిస్తుంది. నాలుగు పక్కలా నాలుగు పులసలు ఈదుతున్నట్టు. గుంపు కావాలన్నారుగా, గుంపు వచ్చేసింది. కళాయి వేసే తాతని ఒక పేజీలో తప్పకుండా పెట్టండి, ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడా కనపడట్లేదు.

రంగుల గురించి ఒక్క మాట. ఈ తరహా పుస్తకాలన్నీ గోధుమ రంగు, పాత కాగితం రంగు. మన ఉప్పుగాలికి ఇత్తడి ఆకుపచ్చగా చిలుం పడుతుంది, చింతపండుతో తోమిన చోట మాత్రమే పసుపుగా మెరుస్తుంది. ఆ రెండు రంగులూ ఒకే గొట్టం మీద గీయండి, రోజూ చెయ్యి తగిలే చోట మెరుపు, తగలని చోట చిలుం. ఎవరు ఎక్కడ పట్టుకుని పని చేస్తున్నారో బొమ్మే చెప్పేస్తుంది. వెనకాల వరి పచ్చ, ఎర్రనీరు, నల్ల బంకమట్టి ఎటూ ఉంటాయి.

బొమ్మలక్క (కొత్తపేట)

ఇది బంగారం లాంటి సలహా అన్నయ్యా. అచ్చులో మెరుపు తేవడం నిజంగా కష్టం, నాలుగు రంగుల సిరాతో బంగారు రంగు రాదు, పక్కన ముదురు రంగు ఎంత పెడితే అంత మెరిసినట్టు కనపడుతుంది. చిలుం పక్కన తోమిన ఇత్తడి అంటే ఆ సమస్య దానంతటదే తీరిపోతుంది. ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలో మళ్లీ కాసేపు కూర్చుంటాను. 1925లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా వెళ్లిపోయాడు, కానీ మన మనుషుల ఒంటి రంగు, నీళ్ల మీద వెలుగు ఎలా పట్టుకోవాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

మావయ్యగారూ, పులస పాత్రని ఆనకట్ట మీదికి ఎత్తడానికి ఎంత పెద్ద ఇంజను కావాలి? పేజీ నిండా గీయాలా, పిల్ల పక్కన పట్టేంత చాలా?

బాయిలర్ మావయ్య (మండపేట)

చాలా చిన్నది చాలమ్మా. 500 లీటర్ల నీళ్లు, అందులో చేప, నాలుగు మీటర్ల ఎత్తు అనుకుందాం. దానికి పట్టే పని ఇంచుమించు 20 వేల జౌళ్లు. ఒక హార్స్‌పవర్ అంటే సెకనుకి 746 జౌళ్లు. లెక్క ప్రకారం అర నిమిషం కూడా పట్టదు, రాపిడి, గిలకల నష్టం అన్నీ కలుపుకున్నా ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కేస్తుంది. కాబట్టి ఇంజను ఆ పిల్ల నడుం ఎత్తు ఉంటే సరిపోతుంది. మనవరాలి వయసు పిల్ల దాని పక్కన నిలబడితే అందంగా కూడా ఉంటుంది.

కష్టం ఎత్తడంలో లేదు, అంతకుముందు నరసాపురం నుంచి ధవళేశ్వరం దాకా దారి పొడవునా పగలూ రాత్రీ పాత్రలో నీళ్లు తిరుగుతూ ఉండాలి. ఊక అయిపోతే చక్రం ఆగుతుంది, చక్రం ఆగితే చేపకి ఊపిరాడదు. నీ కథలో భయం అక్కడ పెట్టు. దారిలో మిల్లు కనపడితే ఊక అడగాలి, కొబ్బరితోట కనపడితే డొక్కలు అడగాలి. ఇంకోటి, బాయిలర్ వేడి పాత్రకి తగలకుండా గొట్టాలకి కొబ్బరి పీచు తాడు దగ్గరదగ్గరగా చుట్టు, మేము మిల్లులో ఆవిరి గొట్టాలకి ఇలాగే ఏదో ఒకటి చుట్టేవాళ్లం, వేడి పోకుండా.

లాకుల దగ్గర (ధవళేశ్వరం)

దారి నేను చెప్తాను. నరసాపురం కాలువలో పడవ ఎక్కితే లాకులు ఒక్కోటీ దాటుకుంటూ విజ్జేశ్వరం వైపు రావచ్చు, అంటే ఆనకట్ట పడమటి కొసకి. కాలువలోనే వచ్చేస్తే ఆనకట్ట ఎక్కాల్సిన పని లేదు కదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. దానికి జవాబు కథలోనే ఉండాలి: వరద ఎక్కువై తల లాకు (కాలువ మొదట్లో ఉండే లాకు) మూసేశారు, పడవ అక్కడే ఆగిపోయింది, అప్పుడు పాత్రని దించి లిఫ్టు ఎక్కించాలి. వరదప్పుడు కాలువల్లోకి నీళ్లు వదలకుండా మూయడం నిజంగా చేసేదే.

రెండో తరగతి టీచర్ (అమలాపురం)

ఇక పుస్తకం కట్టడం గురించి. ఈ పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి, ఎందుకంటే పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే 8, 16 పేజీల చొప్పున వస్తుంది. పేరు పేజీ, వివరాల పేజీ పోగా కథకి ఒక డజను జంట పేజీల పైచిలుకు మిగులుతుంది. అందుకని అక్కా, అందరి సలహాలూ పెట్టాలనుకోకండి. బాతు వద్దు, గన్నవరం వద్దు, హేవ్‌లాక్ వంతెన వద్దు (కథ కాలానికి అది ఇంకా లేదు కూడా). పిల్ల, చేప, పాత్ర, మావయ్య, పడవ. అంతే.

మాటలు తక్కువ, అక్షరం పెద్దది. ఒత్తులు, గుణింతాలు పైకీ కిందకీ పోతాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య జాగా బాగా వదలండి, ఇంగ్లీషు పుస్తకం కొలతలు పెట్టుకుంటే మన ఒత్తులు కింది వరుసని గుద్దుకుంటాయి. యంత్రం చప్పుడు ప్రతి పేజీలో ఒకటే రావాలి, గుడగుడ, టకటక, బుస్. మా పిల్లలు రెండో పేజీకే నాతో కలిసి అరుస్తారు. ఆ చప్పుడు ఆగిపోయిన పేజీలో ఒక్క మాట కూడా పెట్టొద్దు. క్లాసంతా గమ్మున అయిపోతుంది చూడండి.

వరిచేల గట్టు (పాలకొల్లు)

టీచర్ గారూ, గాలి ఓడ ఒక్కటి ఉండనివ్వండి, ప్లీజ్. ఆకాశంలో దూరంగా, చిన్నది. కథకి సంబంధం లేకపోయినా పర్లేదు, మా వాడు ప్రతి పేజీలో దాన్ని వెతుక్కుంటాడు.

రెండో తరగతి టీచర్ (అమలాపురం)

వెతుక్కునేదైతే నాకు అభ్యంతరం లేదండీ, పిల్లలు అలాంటి వాటి కోసమే మళ్లీ మళ్లీ చూస్తారు.

పంటు రేవు (నరసాపురం)

పిల్లకి ఆ తోలు కోటు, పొడుగు టోపీ వేయకండి, మన ఉక్కపోతకి ఎవరూ వేసుకోరు. పరికిణీ వేసి, మెడ చుట్టూ మా నరసాపురం లేసు అల్లిక పెట్టండి. విక్టోరియా కాలంలోనే మా వైపు ఆడవాళ్లు ఈ అల్లిక నేర్చుకున్నారు, ఇప్పటికీ ఇళ్లల్లో కుట్టి విదేశాలకి పంపుతున్నారు. పొలుసులు ఊడకుండా చేపని పట్టాలన్నారు కదా, వాళ్ల అమ్మ లేసు నూలుతో మెత్తటి చిన్న వల అల్లి ఇస్తుంది. నాన్న పెద్ద వల వేసి పట్టాడు, అమ్మ చిన్న వల అల్లి వదిలించింది.

నాన్నని మాత్రం చెడ్డవాడిగా గీయొద్దు. పులస ధర మాకు ఏడాదిలో కొన్నాళ్లు మాత్రమే దొరికే డబ్బు, దాంతోనే పడవ బాగుచేసుకుంటాం, స్కూలు ఫీజు కడతాం. ఆయన వదులుకున్నది ఎంతో పుస్తకంలో కనపడాలి.

బొమ్మలక్క (కొత్తపేట)

అలాగే అక్కా, మొదటి జంట పేజీలోనే నాన్న పడవకి పడిన చిల్లు గీస్తాను, దానికి మాటలు అక్కర్లేదు. ఆ చిల్లు చివరి దాకా ఉంటుంది.

ముగింపు గురించి నాకు ఒక పట్టుదల ఉంది. చేప తిరిగొచ్చి పిల్లని పలకరించడం ఉండదు. అది ఎగువకి పోయి గుడ్లు పెడుతుంది, పిల్లచేపలు నీళ్లతో పాటు సముద్రానికి దిగిపోతాయి, అందులో ఏది దానిదో ఎవరికీ తెలియదు. పెంచుకున్నది వెళ్లిపోయింది, పెంచడం మాత్రం ఆ పిల్లకి వచ్చు. చివరి జంట పేజీలో లిఫ్టు దగ్గర ఇంకో నలుగురు పిల్లలు బుంగలతో వరసలో నిలబడి ఉంటారు, మన పిల్ల వాళ్లకి ఊక ఎంత వేయాలో చూపిస్తూ ఉంటుంది.

అట్ట మీద బొమ్మ పెన్సిల్‌తో వేశాను, రెండు మూడు రోజుల్లో నమూనా పుస్తకం మడిచి ఫొటోలు ఇక్కడే పెడతాను. పూర్తయ్యాక అందరూ ఉచితంగా చదువుకునేలా, వేరే వాళ్లు కూడా అచ్చు వేసుకునేలా హక్కులు వదిలేయాలని ఉంది.

బాయిలర్ మావయ్య (మండపేట)

గేజి ముల్లు ఏ పేజీలో ఎక్కడుండాలో రాసి పంపుతానమ్మా. బయల్దేరేటప్పుడు కింద, పడవ నడుస్తుంటే మధ్యలో, ఊక అయిపోయిన పేజీలో సున్నాకి దగ్గర, లిఫ్టు ఎక్కేటప్పుడు ఎర్రగీత కింద వెంట్రుక వాసిలో. చేపని వదిలిన పేజీలో సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలి, ఎందుకంటే ఇంజను ఆగింది, మంట ఇంకా ఉంది, ఆవిరి ఎటో ఒకటి పోవాలి. మాటలు చదవడం రాని పిల్లలు కూడా ఆ ముల్లు చూసి కథ చెప్పగలగాలి.

పంటు రేవు (నరసాపురం)

ఫొటోలు పెట్టాక చేప బొమ్మ నేను చూస్తాను. ఒళ్లు వెండి రంగు, పొట్ట కింద అంచు రంపంలా గరుగ్గా, వీపు మీద ఒకే ఒక్క రెక్క. తోక లోతుగా రెండుగా చీలి ఉండాలి, అక్వేరియం చేపకి వేసినట్టు గుండ్రంగా వేయొద్దు, మా రేవులో చిన్నపిల్లలు కూడా ఇది పులస కాదని పుస్తకం మూసేస్తారు.